జవాబు రాని ప్రార్థన

మొర ఆలకించిన దేవుడి గురించి మన సంఘాల్లో సాక్ష్యాలకు కొదవ లేదు. ఏళ్ళ తరబడి అడుగుతూ, జవాబు రాకపోయినా మోకాళ్ళ మీంచి లేవని వాళ్ళ మాట వినేదెప్పుడు?

శుక్రవారం పొద్దెక్కేసరికి గుంటూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెల్లో చర్చి లోపల చాపలు పరిచి ఉంటాయి. ఉపవాస కూడిక. వచ్చేది దాదాపు అంతా ఆడవాళ్ళే. కాఫీ చుక్క కూడా తాగకుండా, కొందరు ఆ రోజు కూలి వదులుకుని మరీ వస్తారు. తల మీద కొంగు, చేతిలో జిప్పు సంచిలో బైబిలు. డోలక్కు మీద రెండు పాటలయ్యాక పాస్టరమ్మగారు ప్రార్థన అంశాలు చదువుతారు. ఫలానా అక్క అల్లుడు తాగుడు మానాలి. కువైట్‌లో ఉన్న చెల్లికి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రెన్యువల్ కావాలి. డీఎస్సీ రాసిన తమ్ముడికి పోస్టు రావాలి. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండని కోడలు. కల్లాల్లో ఎండుతున్న మిర్చికి రేటు. కిడ్నీలు పాడైన పెద్దాయన. పొదుపు సంఘానికి కట్టాల్సిన కిస్తీ. ఆ ఊరి కష్టం ఎంతుందో, ఎక్కడుందో ఆ కాగితం చెప్పినంత వివరంగా ఏ ఆఫీసు రికార్డూ చెప్పదు.

తర్వాత సాక్ష్యాల వేళ. అల్లుడు మానేశాడని ఒకావిడ లేచి చెబుతుంది. అందరూ ఒక్క గొంతుతో స్తోత్రం అంటారు. స్కానింగ్‌లో గడ్డ కనబడలేదని ఇంకొకావిడ. మళ్ళీ స్తోత్రం. కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడే ఆ మాటల్లో కల్తీ ఉండదు. నేను ఆ విశ్వాసంలో పుట్టి, ఆ చాపల మీద పెరిగినవాణ్ణి కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను. దేవుడు వింటాడని నమ్ముతాను. విని చేసినవి కళ్ళతో చూశాను.

అయితే ఆ గదిలో లేవని మనుషులు కూడా ఉంటారు. వాళ్ళ పేరు ప్రార్థన కాగితంలో పోయినేడాదీ ఉంది, ఈ ఏడాదీ ఉంది. అల్లుడు మానలేదు. గడ్డ పెరిగింది. మూలన కూర్చుని అందరితో పాటు స్తోత్రం అంటారు, పాట పాడతారు, కానుక సంచిలో పది రూపాయలు వేస్తారు, వెళ్ళిపోతారు. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తారు. తెలుగు క్రైస్తవ విశ్వాసం లోతు చూడాలంటే వీళ్ళ దగ్గర చూడాలని నా నమ్మకం. మన సంఘాలు వీళ్ళ నోరు విప్పనివ్వడం లేదన్నది నా బాధ.

కొండ మీద ఐదుగురు

ప్రార్థన ఫలించిన కథ చెప్పమంటే కోస్తాంధ్రలో ఏ బాప్టిస్టు అయ్యగారైనా ముందు ఒంగోలు పేరెత్తుతారు. అది చెప్పుకోవలసిన కథే. కాకపోతే మనం చివరి అధ్యాయం ఒక్కటే చెబుతున్నాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచాయి. చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డబ్బు దండగ, ఈ తెలుగు మిషన్ మూసేద్దామని అమెరికాలో పెద్దలు అనుకున్నారు. 1853లో ఆ చర్చ మళ్ళీ వచ్చింది. పటంలో ఒంటరిగా మిగిలిన ఈ మిషన్‌కి అప్పుడే ‘లోన్ స్టార్’ అని పేరు పడింది. మూసెయ్యలేదు గానీ ఆశ కూడా ఎవరికీ పెద్దగా లేదు.

1854 జనవరి 1. తెల్లవారకముందే ఒంగోలు పక్కన ఉన్న కొండెక్కారు ఐదుగురు. మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా అనే ఆమె పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. సూర్యుడు వచ్చాక కిందికి దిగిపోయారు. ఆ కొండకు ‘ప్రేయర్ మీటింగ్ హిల్’ అన్న పేరు ఆ తెల్లవారుజాము వల్లే వచ్చింది.

ఆ మనిషి ఎప్పుడొచ్చాడు? జాన్ క్లఫ్ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. ఈ మధ్యలో మిషన్ మూసేయాలన్న మాట ఇంకోసారి లేచింది. ఆ పన్నెండేళ్ళలో జూలియా ప్రతి జనవరి ఒకటిన ఏమనుకుని ఉంటుందో ఏ పుస్తకమూ రాయలేదు. నాకు ఆ కథలో అన్నిటికంటే తెలుసుకోవాలని ఉన్నది అదే. అడిగి, దిగివచ్చి, పొయ్యి రాజేసుకుని, మళ్ళీ మామూలు రోజుల్లో పడ్డ ఒక తెలుగు మనిషి, జవాబు జాడ లేని కాలాన్ని ఎలా మోసింది?

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. యర్రగుంట్ల పేరయ్య అనే తోలుపని చేసే మనిషి అప్పటికే బాప్తిస్మం పొందాడు. ఊరూరా తిరిగి తన మాదిగ బంధువులకు చెప్పడం మొదలుపెట్టాడు. మిషనరీల తెలుగు కంటే పేరయ్య మాటే వాళ్ళకు తగిలింది. దేవుడి కోసం అంతకుముందే గురువుల వెంట తిరిగినవాడు, వెతుకులాట తెలిసినవాడు.

ఇంతలో ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువు అది. ముందు పోయేది ఎవరో చెప్పక్కర్లేదు. భూమి లేనివాళ్ళు, చచ్చిన గొడ్డు తోలు మీద బతికేవాళ్ళు. సర్కారు కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చుకున్న క్లఫ్, మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పని, కూలి. సాయంత్రం కాలువ గట్టు మీద కూర్చుని ప్రార్థన.

ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇచ్చే మనిషి ఆ రోజుల్లో ఎంతమందికి కావాలంటే అంతమందికి బాప్తిస్మం ఇచ్చి లెక్క చూపించుకోవచ్చు. క్లఫ్ ఇవ్వలేదు. అడిగిన వాళ్ళను కూడా ఆగమన్నాడు. కూటికి మతం అన్న మాట పడకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ఆగిపోయాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని కబురు పంపాక, అప్పుడొచ్చారు జనం. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలిసినవాళ్ళు గట్టెక్కుతూ, ఇంకో ఇద్దరు దిగుతూ.

ఒక్క రోజులో 2,222 మంది. ఈ అంకె మా ప్రసంగాల్లో వెయ్యిసార్లు విని ఉంటాను. వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయినా ఆ రెండేళ్ళలో కరువుకూ, వెంట వచ్చిన కలరాకూ పోయినవాళ్ళు కూడా అదే గట్టు మీద, అదే బోధకుల వెనక, అదే దేవుణ్ణి అడిగి ఉంటారు కదా. పిల్లకు గుక్కెడు గంజి దొరకాలని అడిగి, దొరక్క, పిల్లను పాతిపెట్టి, మర్నాడు మళ్ళీ తట్ట ఎత్తినవాళ్ళు ఉంటారు కదా. గుండ్లకమ్మలో దిగిన చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు తక్కువయ్యే ఉంటారు. వాళ్ళు జవాబు దొరికి నమ్మినవాళ్ళు అనడం నాకు సగం నిజంగానే తోస్తుంది. పోగొట్టుకున్నాక కూడా నమ్మినవాళ్ళు వాళ్ళు. ఆ తరం ముసలమ్మలు ఎప్పుడైనా సాక్ష్యం చెప్పి ఉంటే, అందులో పోయిన పిల్లల పేర్లు కూడా ఉండే ఉంటాయి. ఆ భాగం మనదాకా రాలేదు.

అడగడానికి ఇచ్చిన చనువు

పోయినవాటి గురించి దేవుడి ముందు గొంతెత్తడం విశ్వాసం తక్కువవడమని మనకెవరు నేర్పారో తెలియదు. బైబిలైతే నేర్పలేదు. నూట యాభై కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. ఎంతకాలం, ఎందుకు, ఎక్కడున్నావు అని నిలదీసేవే. వాటిలో ఎక్కువ భాగం చివరికి నమ్మకం వైపు తిరుగుతాయి. ఎనభై ఎనిమిదో కీర్తన మాత్రం తిరగదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవాళ్ళు చివర ఒక ఓదార్పు మాట అతికించాలనుకోలేదు. అలాగే ఉంచి, ఆరాధనలో పాడుకోమని మన చేతికిచ్చారు. మన సంఘాల్లో ఆ కీర్తన మీద ప్రసంగం విన్నవాళ్ళు ఎందరు?

హన్నా గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. లాజరు చనిపోయాక మార్త ఊరి బయటికి ఎదురెళ్ళి, నువ్విక్కడుంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని యేసు ముఖం మీదే అంది. కాసేపటికి మరియ కూడా వచ్చి అదే మాట అంది. ఆయన వాళ్ళను కసురుకోలేదు. ఏడ్చాడు. పౌలు తన దేహంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. ఎందరినో స్వస్థపరిచిన అపొస్తలుడు తన నొప్పితోనే ఊళ్ళు తిరిగాడు. గెత్సేమనే తోటలో యేసు అడిగిందీ ఆ గిన్నె తప్పించమనే. తప్పలేదు.

యోబు స్నేహితుల సంగతి ప్రతి క్రైస్తవుడికీ తెలుసు, కానీ ఒక వివరం మరిచిపోతాం. మొదటి ఏడు రోజులు వాళ్ళు చాలా మంచి స్నేహితులు. నేల మీద అతని పక్కన కూర్చున్నారు. అతని బాధ చూసి ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళు పాడైంది నోరు తెరిచాకే. నీలో ఏదో తప్పుంది, ఒప్పుకో అన్న ఉపన్యాసం అప్పుడు మొదలైంది. పుస్తకం చివర దేవుడు కోప్పడింది ఆ ఉపన్యాసకుల మీద. అన్ని నిష్ఠూరాలాడిన యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు. పైగా వాళ్ళ కోసం ప్రార్థన చేయాల్సిన పని యోబుకే పడింది.

ఈ ఉపన్యాసం మా ఇంటికి కూడా వచ్చింది. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలాక సంఘమంతా ఉపవాసాలుంది. ఆపరేషన్, కీమో, మళ్ళీ తిరగబెట్టడం. ఆ దశలో ప్రార్థనకని వచ్చిన ఒక పెద్దమనిషి మంచం పక్కన కూర్చుని, ఎక్కడో ఒప్పుకోని పాపం అడ్డుపడుతోందేమో చూసుకోమ్మా అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన వెళ్ళాక మా వీధి ఆడవాళ్ళు, ఎప్పుడూ వచ్చేవాళ్ళే, వచ్చి చాప వేసుకుని కూర్చున్నారు. ఏం అడగమంటావు వదినా అన్నారు. ‘రాత్రి నిద్ర పట్టాలని అడగండి. తెల్లారి పిల్లోడికి ఒక ముద్ద కలిపి పెట్టేంత ఓపిక అడగండి. పెద్దవి దేవుడికి తెలుసులే,’ అంది.

అదే అడిగారు వాళ్ళు. కొన్ని రాత్రులు నిద్ర పట్టింది, కొన్ని రాత్రులు పట్టలేదు. ముద్ద మాత్రం చివరి వారం దాకా కలిపింది. అమ్మ చనిపోయింది. స్వస్థత కోసం చేసిన ప్రార్థనకు జవాబు రాలేదు, ఈ మాటను ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. పరలోకంలో స్వస్థత దొరికిందని అంటారు. నేనూ నమ్ముతాను. నమ్ముతూనే, నాకు ఇక్కడ కావాల్సింది అని దేవుడితో ఇప్పటికీ అంటాను. ఆ మాట అనే చనువు ఆ కీర్తనల నుంచే వచ్చింది.

నీ విశ్వాసం చాలలేదనే మాట

రోగి మంచం దగ్గర విశ్వాసాన్ని కొలిచేవాళ్ళ మీద నాకు కోపం ఉంది. టీవీల్లో, యూట్యూబ్‌లో అది పెద్ద వ్యాపారమే అయింది. విత్తనం వేయండి, నూరంతలు కోయండి. ఈ నూనె రాసుకోండి. కోత రాకపోతే వేసినవాడి నమ్మకంలో లోటు. ఇందులో చెప్పేవాడు ఎప్పటికీ ఓడిపోడు. ఓడిపోయేది అప్పు చేసి కానుక పంపిన మనిషే. ఇక మందులు మానేసి విశ్వాసం చూపించమని చెప్పేవాళ్ళు చేసేది పాపం. షుగర్ మాత్రలు, మూర్ఛ మాత్రలు, టీబీ మందులు ఆపించి సాక్ష్యం చెప్పించడం ఒకరి ప్రాణంతో దేవుణ్ణి పరీక్షించడమే. ఆ పరీక్షను యేసు ఎడారిలోనే కాదన్నాడు.

తెలుగు నేల మీద ప్రార్థనా వైద్యమూ కలిసి నడిచిన చరిత్ర ఉంది. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. లూథరన్ మిషన్ ఆమెను డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్ళకు చదువు చెప్పే పనికి పంపింది. మగ డాక్టరు చెయ్యి పట్టనివ్వని ఇళ్ళలో కాన్పులు కష్టమై తల్లులు చనిపోతుంటే ఊరుకోలేక వైద్యం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళు పట్టింది ఆస్పత్రి తలుపులు తెరవడానికి. 1898లో తెరిచారు. గుంటూరులో పాత తరానికి కుగ్లర్ ఆస్పత్రి అంటే చాలు. అక్కడ ప్రార్థన చేసేవాళ్ళే సూది కూడా వేసేవాళ్ళు. ఈ రోజుకీ దేశమంతటా ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ చేస్తున్న తెలుగు క్రైస్తవ నర్సులకు ఈ రెండింటి మధ్య గోడ ఉందని చెబితే నవ్వుతారు.

ప్రార్థనాపరుడికి కష్టం రాదనే బోధ విన్నప్పుడల్లా నాకు భక్త్‌సింగ్ గుర్తొస్తారు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదువుకు విదేశాలకు వెళ్ళి క్రీస్తును నమ్మి తిరిగొచ్చిన ఆయన, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా రాత్రంతా ప్రార్థన చేసే సంఘాలను తెలుగునాట ఊరూరా నిలబెట్టారు. ఆయన మోకాళ్ళ ప్రార్థన గురించి చెప్పనివాళ్ళు లేరు. ఆయన ప్రార్థనతో బాగుపడ్డామని చెప్పేవాళ్ళు వేలల్లో ఉన్నారు. అలాంటి మనిషి చివరి ఏళ్ళు పార్కిన్సన్స్ వ్యాధితో మంచానికే అతుక్కుపోయారు. మాట పోయింది, నడక పోయింది. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. ఆ ఏళ్ళలో ఆయనకు అన్నం తినిపించి, పక్క మార్చినవాళ్ళు ఆయన విశ్వాసం చాలలేదనుకున్నారా? ఆ ఆలోచనే వాళ్ళకు రాదు. మరి అదే జబ్బుతో పడుకున్న ఒక కూలి మనిషి దగ్గర ఆ మాట అనడానికి మన నోరెలా వస్తుంది?

కాగితం మీద లేని పేరు

కష్టం అనగానే రోగమే గుర్తొస్తుంది గానీ, ఇక్కడి క్రైస్తవుల్లో ఎక్కువమందికి కష్టం పుట్టుకతో వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులం హోదా కోల్పోతాడు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను ఆ జాబితాలో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. రాష్ట్రంలో బీసీ–సీ కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్. అంటరానితనం మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడగదు. అందుకే మందిరంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు ఉన్న ఇళ్ళు మన ఊళ్ళలో కోకొల్లలు. దీన్ని మోసం అనేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్క రోజు బతికి చూడాలి. పిల్లాడి స్కాలర్‌షిప్పుకీ, ఆదివారం తాను నోరారా పలికే పేరుకీ మధ్య నలిగే తల్లి ప్రార్థన ఏ సాక్ష్యాల వేళలోనూ బయటికి రాదు.

గుర్రం జాషువా ఇవన్నీ ఎరిగినవాడు. 1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టి, కులం కారణంగా బయటా, పురాణాలు చదువుతున్నాడని సొంత సంఘంలోనూ దూరం పెట్టించుకున్నవాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో ఒక అంటరాని పేదవాడు తన గోడును కాశీ విశ్వనాథుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. తనను గుడిలోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. ఆ కావ్యంలో దేవుడు ఏ పేరుతో ఉన్నా, నాకది తెలుగులో వచ్చిన గొప్ప మొరల్లో ఒకటిగానే వినబడుతుంది. అదే చేయి తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాసింది, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నిష్ఠూరం, భక్తి ఒకే గుండెలో ఉంటాయని జాషువాను చదివినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఊరు దాటి వెళ్ళినా ఈ మొర వెంట వెళుతుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళకు అక్కడ వారపు సెలవు శుక్రవారం. కాబట్టి వాళ్ళ ఆదివారం ఆరాధన శుక్రవారమే. యజమానురాలు పంపిస్తే వెళ్తారు, పంపకపోతే వంటింట్లో ఫోన్‌లో పాట పెట్టుకుంటారు. రాత్రి అందరూ పడుకున్నాక ఇంటికి ఫోన్ చేస్తారు. ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ఫోన్ దగ్గరికి రానని మొండికేస్తుంది. ఆ తల్లి, ఫోన్ ఇవతలున్న అమ్మమ్మ ఇద్దరే ప్రార్థన చేసుకుంటారు. ఆ ప్రార్థనలో అడిగేది అప్పు తీరాలని. అప్పు తీరేసరికి పిల్ల పెద్దదైపోతుందని ఇద్దరికీ తెలుసు.

అయినా ప్రార్థన ఎందుకు మానరు? ఇది పుస్తకాల్లో వెతికాను, మనుషులనూ అడిగాను. అలవాటని కొందరంటారు, అజ్ఞానమని కొందరంటారు. చదువుకున్న మిత్రుడొకడు ఇంకేం దిక్కుందని వాళ్ళకు అన్నాడు. నాకు ఇవేవీ ఆనలేదు. అలవాటైతే ఇన్ని కన్నీళ్ళుండవు. దిక్కులేనితనమైతే మనిషి ఒంటరిగా కూర్చుంటాడు, పక్కింటి అబ్బాయి పరీక్ష కోసం ఉపవాసముండడు. నాకు తోచింది ఇది: ప్రార్థనలో తన కష్టాన్ని పేరు పెట్టి చెప్పుకున్న మనిషికి ఆ కష్టం న్యాయం కాదని ఎవరో ఒప్పుకున్నట్టుంటుంది. కర్మ అని ఊరు అంది, నొసటి రాత అని చుట్టాలన్నారు, నీ తప్పే అని మొగుడన్నాడు. ఇది ఇలా ఉండాల్సింది కాదు అని దేవుడి ముందు ఆమె అనగలుగుతోంది. పక్కన కూర్చున్న నలుగురూ ఆమేన్ అంటున్నారు. సిలువ మీద చచ్చినవాడే ఆమె దేవుడు కాబట్టి ఆ మాట ఆయనకు కొత్త కాదన్న నమ్మకం ఆమెకుంది. జవాబు వచ్చేదాకా ఆమెను నిలబెడుతున్నది అదే. రాకపోయినా నిలబెడుతోంది.

ఈస్టరు తెల్లవారుజామున కోస్తా ఊళ్ళలో సమాధుల దగ్గరికి వెళ్ళి చూడండి. ముందు రోజే కలుపు పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి ఉంచుతారు. చీకట్లోనే కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. ఆ సమాధుల్లో చాలామంది ఎవరో ఒకరి ప్రార్థన కాగితంలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళే. వాళ్ళ మధ్య నిలబడి, వాళ్ళ కోసం అడిగి పోగొట్టుకున్నవాళ్ళే, పునరుత్థానం పాట పాడతారు. ఒక్కసారైనా ఆ గుంపులో నిలబడ్డవాళ్ళెవరూ అది సుళువైన నమ్మకం అనరు.

ఇది రాస్తున్నది ముఖ్యంగా అయ్యగార్లను, సంఘ పెద్దలను ఒకటి అడగడానికి. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడింటిదాకా మన మందిరాల్లో సిలువ మీద ఏడు మాటలు ధ్యానిస్తాం. ఒక్కో మాట ఒక్కొక్కరికి ఇస్తాం. నాలుగోది, నన్నెందుకు విడిచావని తండ్రిని అడిగిన మాట, సాధారణంగా బాగా చదువుకున్న ప్రసంగీకుడికి ఇస్తాం. ఆయన ఆ కేకకు అర్థం వివరిస్తాడు, వివరించి ఈస్టరు వైపు త్వరగా నడిపిస్తాడు. వచ్చే ఏడాది ఆ మాటను ప్రసంగీకులకు ఇవ్వకండి. మీ సంఘంలో ఎన్నేళ్ళుగానో అడుగుతూ ఇంకా జవాబు రాని ఒక అక్క ఉంటుంది, ఆమె ఎవరో మీకు తెలుసు. రెండు వారాల ముందే వెళ్ళి అడగండి, ఒప్పుకుంటే ఆ పావుగంట ఆమెకివ్వండి. ఆమె మాట్లాడటం అయ్యాక మైకు అందుకుని సర్దిచెప్పకండి. ఐదో మాటకు వెళ్ళండి.